వాకిట నిలిచిన పరాయి బండి



మొగమాటము మంచి గుణమే. కాని దానికి హద్దు లేనియెడల మన వాకిలి మనది కాకుండ పోవును. పరాయివారి మోటారు బండి మన స్థలములో దిగబడి కదలకుండ నిలిచిపోయినప్పుడు ఇల్లాలు ఏమి చేయవచ్చును, ఏమి చేయరాదు అను విషయమునుగూర్చి ఈ నెల కొంచెము ముచ్చటింపదలచితిని.

ఇది చిన్న సంగతియని త్రోసివేయకుడు. అద్దెకుండినవారు ఇల్లు ఖాళీ చేయుచు చెడిపోయిన స్కూటరును మెట్లక్రింద వదలిపోవుదురు. దూరపు చుట్టమొకడు "వదినగారూ, రెండు దినములు మీ దొడ్డిలో ఉంచెదను" అని కారు నిలిపి, కొలువు నిమిత్తము పైదేశమునకు పోవును. ప్రహరీ లేని స్థలమైనచో ఎవరో ముక్కు మొగము తెలియనివారు రాత్రివేళ విరిగిన ఆటోను తెచ్చి పడవేసి పోవుదురు. మొదటి వారము అడుగుటకు సిగ్గు. మొదటి నెల అడుగుటకు సంకోచము. ఏడు తిరిగిన పిదప ఎవరినడుగవలెనో తెలియదు. టైర్లలో గాలి దిగి, అడుగున గడ్డి మొలచి, అద్దముపైకి కాకరతీగ ప్రాకునప్పటికి ఆ బండి ఇంటిలోని బరువైన చిక్కులలో ఒకటియై కూర్చుండును.

మా వీథిలో భర్తను పోగొట్టుకొని ఒంటరిగా కాలము గడపుచున్న పిన్నిగారొకరు కలరు. కుమార్తె పెండ్లికై ఇంటి ప్రక్కనున్న అయిదు సెంట్ల స్థలమును అమ్మజూపి బయానా పుచ్చుకొనిరి. కొనువారు వచ్చి, అచ్చట మూడేండ్లుగా నిలిచియున్న కారును జూచి, "ఇది తొలగినగాని రిజిస్ట్రేషను చేయించుకొనము" అనిరి. ఆ కారు ఒకప్పుడు ఆమె యింట అద్దెకుండిన కుఱ్ఱవానిది. అతని ఫోను పలుకుట లేదు. ఇంతలో పాత ఇనుము కొనువాడు వచ్చి, "అమ్మగారూ, మీరు సరేనన్నచో ఒక్క రాత్రిలో ముక్కలు చేసి తీసికొనిపోయెదను, ఎవరికిని తెలియదు" అని రొక్కము చూపెను. లగ్నము దగ్గరపడుచున్నది. పిన్నిగారు ఆ రొక్కము పుచ్చుకొనవచ్చునా యని నన్నడిగిరి.

కూడదంటిని. ఆ మాట నా సొంతము కాదు. మనుధర్మశాస్త్రమున ఎనిమిదవ అధ్యాయములో వ్యవహారములు పదునెనిమిదిగా లెక్కింపబడినవి. మొదటిది ఋణాదానము. రెండవది నిక్షేపము, అనగా ఒకరు మనయొద్ద ఉంచిన సొమ్ము. మూడవది అస్వామివిక్రయము, అనగా తనది కానిదానిని అమ్ముట. నిక్షేపమునకు వెంటనే అస్వామివిక్రయము వచ్చినది చూడుడు. ఉంచుకొనుటకును అమ్ముకొనుటకును నడుమ దూరము ఒక్క అడుగేయని పెద్దలెఱుగుదురు కాబోలు. యజమాని తెలియని ధనమును రాజు మూడేండ్లు కాపాడవలెననియు, ఆలోపల సొంతదారు వచ్చినచో అది అతనిదేయనియు, గడువు దాటిన పిదప రాజునకు చెందుననియు మనువు చెప్పెను. యాజ్ఞవల్క్యుడు ఆ గడువును ఒక యేడుగా చెప్పెను. "ఇది నాది" అని వచ్చినవానిని రూపము, సంఖ్య మొదలగు గుర్తులడిగి, సరిపోయినప్పుడే ఇయ్యవలెను. బొంకినవానికి దాని విలువకు సమమైన జరిమానా. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య కలదు. దానిని ఆధారముగా గొని మూలఘటిక కేతన పదమూడవ శతాబ్దమున విజ్ఞానేశ్వరమును తెనుగు పద్యములలో రచించెను. ఆ గ్రంథములలోని శిక్షలును, స్త్రీలనుగూర్చిన మాటలును పెక్కు నేడు చెల్లవు, చెల్లరాదు. కాని పరుల సొమ్మునుగూర్చిన ఈ మెలకువ మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఇప్పటి చట్టము కూడ ఇంచుమించు ఈ దారినే నడచుచున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, మన సమ్మతితో ఒకరుంచిన వస్తువును సామాన్య వివేకము గలవారు తమ సొత్తును చూచుకొనునట్లు మనము చూడవలెను. కూలి పుచ్చుకొనక ఊరక ఉంచుకొన్నను, దానికై పెట్టవలసివచ్చిన అవసరపు ఖర్చును యజమాని ఇచ్చుకొనవలెను. ఎవరిదో తెలియక దొరికిన వస్తువును మన స్వాధీనములోనికి తీసికొన్నచో, దానిని కాపాడు బాధ్యత మనపై పడును. అమ్ముటకు ఆ చట్టమున 169వ సెక్షను కొంత వీలు కల్పించినది గాని, యజమాని తగినంత వెదకినను దొరకకపోవలెను, లేదా మనకు రావలసిన న్యాయమైన ఖర్చును ఇయ్యననవలెను. అంతియే కాదు. వస్తువు పాడైపోవునదిగానో, విలువలో ఎక్కువభాగము పోగొట్టుకొనునదిగానో ఉండవలెను. లేదా ఆ ఖర్చు వస్తువు విలువలో మూడింట రెండు వంతులు కావలెను. యజమానిని తెలిసికొను మార్గముండియు, వెదకక, కబురు చేయక, తగినంత కాలము ఆగక సొంతము చేసికొన్నవారికి భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షను శిక్ష చెప్పుచున్నది. బండికి నంబరు పలకయే కలదు. "యజమాని ఎవరో నాకు తెలియదు" అను మాట ఏ న్యాయాధిపతి నమ్మును? పైగా యజమాని సంతకము లేనిదే రవాణా శాఖలో పేరు మార్పించుట కష్టము. కావున వకీలు సలహా లేక ఎవరును అమ్మకమునకు పూనుకొనరాదు.

మఱి పోలీసులతో చెప్పిన చాలదా యందురు. ఠాణాలో "అది మీ సొంత స్థలము గదా, మేమేమి చేయుదుము?" అను మాట వినవలసివచ్చుట కలదు. దానికి మూలమిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 127వ సెక్షను ప్రకారము, పది గంటలు గాని అంతకుమించి గాని విడిచిపెట్టబడిన బండిని తొలగింపించుటకు పోలీసు అధికారికి హక్కు కలదు. కాని అది ప్రజలు ప్రవేశింప హక్కుగల బహిరంగ స్థలమునకే వర్తించును, మన దొడ్డికి గాదు. అట్లని బండిని వీథిలోనికి నెట్టించితిమా, దారికి అడ్డము పెట్టిన నేరము మన మెడకు చుట్టుకొనును.

అంతమాత్రమున ఠాణాకు పోవుట వ్యర్థము కాదు. దొంగసొత్తని గాని, ఏదేని నేరమునకు సంబంధించినదని గాని అనుమానము కలిగిన బండిని పోలీసులు స్వాధీనము చేసికొనవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అందుకు దారి చూపుచున్నది. అట్లు స్వాధీనమైన సొత్తునకు యజమాని తెలియనిచో, మేజిస్ట్రేటు ప్రకటన చేయించి, హక్కుదారులు ఆరు నెలలలోపల రావలెనని కోరును. ఎవరును రానిచో అది ప్రభుత్వము వశమగును. వేలము వేయవచ్చును. మనువు మూడేండ్లు ఇప్పుడు ఆరు నెలలైనవి, అంతియే భేదము.

ఇక ఇల్లాలు చేయవలసిన పనులు వరుసగా చెప్పెదను.

మొదట బండిని ముట్టకుండ నాలుగు వైపులనుండి ఫోటోలు తీయించి, తేదీ వ్రాసి ఉంచుడు. నంబరు పలక లేకున్నను, అద్దములు పగిలి తాళము విరిగియున్నను, లోపల అనుమానింపదగిన వస్తువులున్నను తలుపు తెరవక ఆ దినమే 112కు ఫోను చేయుడు.

రెండవది, నంబరును చదువుడు. ఏపీ అన్నచో ఆంధ్రప్రదేశము. తెలంగాణలో 2014 నుండి టీఎస్ అనియు, 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు టీజీ అనియు వేయుచున్నారు. ఆంధ్రమున 2019లో ఏపీ 39 అను ఉమ్మడి వరుస వచ్చినది గనుక దానినిబట్టి జిల్లా తెలియదు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టినచో బండి ఏ కార్యాలయములో రిజిస్టరైనదో తెలియును. యజమాని పేరులో కొన్ని అక్షరములే కనబడును. తక్కిన వివరములకై ఆ రవాణా కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనుడు. అప్పుపై కొన్న బండియైనచో అప్పిచ్చినవారి పేరు కూడ రిజిస్ట్రేషను పత్రములో నుండును. ఇది మఱువకుడు.

మూడవది, యజమానికి లేఖ వ్రాయుడు. పెద్ద మాటలు వలదు. ఇట్లు చాలును: "అయ్యా, తమ పేర రిజిస్టరైయున్న ఫలానా నంబరు కారు ఫలానా తేదీనుండి నా స్థలములో నున్నది. ఈ లేఖ అందిన ముప్పది దినములలోపల కాగితములు చూపి, రసీదుపై సంతకము చేసి తీసికొనిపోవలెనని కోరుచున్నాను. లేనియెడల పోలీసులకును న్యాయస్థానమునకును విన్నవించుకొందును." రిజిస్టరు టపా 2025లో స్పీడు పోస్టులో కలిసినది గనుక స్పీడు పోస్టులోనే పంపి రసీదు దాచుడు. చిరునామాదారుడు లేడని కవరు తిరిగివచ్చినను చింపకుడు. తిరిగివచ్చిన కవరు కూడ సాక్ష్యమే.

నాలుగవది, లేఖ నకలుతో ఠాణాలో వ్రాతమూలకముగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొనుడు. అప్పటికిని పని కానిచో, బండిని తొలగింపుమని సివిలు న్యాయస్థానము ఆజ్ఞ ఇయ్యగలదు. వకీలునకు ఇచ్చుకొనలేమని వెనుదీయకుడు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయమెంతయని అడుగకయే, ఉచిత న్యాయసహాయము లభించును. జిల్లా న్యాయస్థానమున ఆ సంస్థ కార్యాలయము కలదు. ఫోను నంబరు 15100.

పిన్నిగారి విషయమున ఈ క్రమమే పనికివచ్చినది. మావారు లేఖ వ్రాసి యిచ్చిరి. కుఱ్ఱవానికి పంపినది తిరిగివచ్చెను. కాని రిజిస్ట్రేషనులో అప్పిచ్చిన సంస్థ పేరున్నది గనుక వారికి కూడ ఒక నకలు పంపబడెను. బాకీ రాబట్టుకొనలేక ఆ బండికై వెదకుచున్న ఆ సంస్థవారు కాగితములు తెచ్చి, ఠాణాలో చూపి, సంతకము చేసి, బండిని లాగించుకొనిపోయిరి. పాత ఇనుమువానికి అమ్మియున్నచో ఆ సంస్థవారే పిన్నిగారిపై కేసు పెట్టియుందురు గదా! కొనువారు రెండు నెలల గడువిచ్చి అటుపిమ్మట రిజిస్ట్రేషను చేయించుకొనిరి.

బండి కదలువరకు మఱియొక జాగ్రత్త అత్యవసరము. పాత టైర్లలోను, తెరచియున్న డిక్కీలోను వాననీరు నిలిచినచో డెంగ్యూ దోమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు రెక్కల దోమయగుటకు ఇంచుమించు వారము పది దినములు చాలును. అందుకే ఆరోగ్యశాఖవారు శుక్రవారము నీరు పారబోసి అన్నిటిని ఆరబెట్టుడని చెప్పుచుందురు. శుక్రవారము గడపకు పసుపు పూయు మనకు ఆ బండిచుట్టు ఒకసారి తిరిగి వచ్చుట భారము కాదు.

దానికంటె భయంకరమైనది పిల్లల విషయము. 2025 మే నెలలో విజయనగరము చేరువనున్న ద్వారపూడి గ్రామమున, నిలిపియున్న కారులోనికి ఆటకై ఎక్కిన నలుగురు పసివారు తలుపులు పడిపోయి, వెలుపలికి రాలేక ఊపిరాడక చనిపోయిరి. అది విడిచిపెట్టిన బండి కాదు, నిలిపిన బండి మాత్రమే. ఎవరును చూడని దొడ్డిమూలలో నున్న బండి అంతకంటె ప్రమాదము. తలుపులు తెరచుకొనునట్లున్నచో వెలుపల త్రాడు చుట్టి బిగించుడు. పిల్లలను దరిజేరనీయకుడు. ఎండాకాలమున పిల్లవాడు కనబడనిచో ముందుగా ఆ బండిలోనే చూడుడు.

ఇంతవరకు పరులనుగూర్చి చెప్పితిని. మన యింటి బండిని మనమే ఎవరి దొడ్డిలోనైన మఱచితిమేమో కూడ తలచుకొనవలెను. బాగుచేయ వీలుకాని బండిని గూర్చి పదునాలుగు దినములలోపల రవాణా శాఖకు తెలిపి, రిజిస్ట్రేషను పత్రమును పంపి రద్దు చేయించుకొనవలెనని మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. 2021లో వచ్చిన నియమముల ప్రకారము రిజిస్టరైన తుక్కు కేంద్రములో బండిని అప్పగించినవారికి ఒక ధ్రువపత్రము ఇచ్చెదరు. క్రొత్త బండి కొనునప్పుడు పన్నులో తగ్గింపునకు అది ఉపకరించును. పేరు మనదిగానే యుండగా బండి ఎవరి చేతిలోనో పడి ప్రమాదము జరిగినచో జవాబు చెప్పవలసినది మనమే.

చివరకు చెప్పునదొక్కటే. ఈ చిక్కులన్నియు బండి దిగిన మొదటి దినమున ఒక చిన్న కాగితముతో తప్పిపోవును. అద్దెవారు ఖాళీ చేయునప్పుడు అడ్వాన్సు తిరిగి యిచ్చుటకు ముందే మెట్లక్రింద చూచి రండు. చుట్టమైనను స్నేహితుడైనను "రెండు దినములు" అని బండి నిలిపినచో కాఫీ ఇయ్యుడు, ఆదరింపుడు. ఆ వెంటనే ఒక కాగితమును కలమును ముందుంచి, "నాయనా, నంబరును, నీ చిరునామాను, ఏ రెండు దినములో ఆ తేదీలను ఇందులో వ్రాసిపెట్టుము" అని అడుగుడు. మంచివాడైనచో నొచ్చుకొనడు. నొచ్చుకొనువాని బండి మన దొడ్డిలో దిగకుండుటయే మేలు.