పంచుకొన్న పెంపకం

బిడ్డకు తల్లి ఒకతె, తండ్రి ఒకడు, తక్కినవారందరూ చుట్టాలు అనే లెక్క కచేరీలకు సులభమే కాని, ఈ దేశపు జీవితానికి సరిపడదు. పాలమూరు నుండి వలస వెళ్ళిన కూలీల బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతాడు. కడప నుండి, కోనసీమ నుండి గల్ఫు దేశాలకు ఇంటిపనికి పోయే తల్లి తన బిడ్డను అక్కకు అప్పగించి పోతుంది. ఆ తల్లి బిడ్డను విడిచిపెట్టలేదు; ఆ అక్క బిడ్డను కాజేయలేదు. ఇద్దరూ కలిసి పెంచుతున్నారు.

ఈ సత్యానికి చట్టంలో చోటేది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 19వ సెక్షను ప్రకారం, తండ్రి జీవించి ఉండగా, అతడు అనర్హుడని న్యాయస్థానం తలచితే తప్ప, మరొకరిని సంరక్షకులుగా నియమించరాదు. 2010 నాటి సవరణ తల్లిని కూడ ఇందులో చేర్చినది. అనగా అవ్వకు అధికారం రావాలంటే, ఆమె కోర్టుకెక్కి కన్నకూతురు, అల్లుడు అనర్హులని నిరూపించాలి. కుటుంబాన్ని నిలబెడుతున్న మనిషిని ఆ కుటుంబం మీదనే ఫిర్యాదిగా నిలబెట్టటం ఏపాటి న్యాయం? రెండవ దారి దత్తత. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తుల చట్టం ప్రకారం, వివాహ నిషేధాలు, అప్పటికే సంక్రమించిన ఆస్తి వంటివి తప్ప, జన్మకుటుంబంతో బిడ్డకు గల బంధాలన్నీ తెగిపోతాయి. ఒక చట్టం తల్లిని నిందించమంటున్నది, మరొకటి మరచిపొమ్మంటున్నది.

మన సాహిత్యం ఇంత ఇరుకైనది కాదు. పాండవులు అడవులలో ఉన్న కాలంలో అభిమన్యుడు ద్వారకలో మేనమామ ఇంట పెరిగినాడు. ద్రౌపది కుమారులు సైతం అక్కడ విద్య నేర్చినారు. అంతమాత్రాన అర్జునుడు తండ్రి కాకుండా పోలేదు. సూరదాసు యశోద, బిడ్డ అలవాట్లు ఎరుకపరుస్తూ దేవకికి కబురు పంపుతుంది. పంచుకొన్న పెంపకానికి ఆ కబురే ప్రాణం.

ఇద్దరి చేతిలో పెరిగిన బిడ్డ ఎవరి మాటా వినడని కొందరంటారు. బిడ్డను చెరిపేది ఇద్దరుండటం కాదు, ఆ ఇద్దరికీ పొత్తు లేకపోవటం. “మీ అమ్మ డబ్బు కోసం నిన్ను వదిలిపోయింది” అని నూరిపోసే పెద్దమ్మ, ఏళ్ళ తరువాత వచ్చి పసివాణ్ణి ఒక్కనాటిలో రెక్కపట్టి లాక్కుపోయే తల్లి, ఇద్దరూ చేసే తప్పు ఒక్కటే: బిడ్డను సరిహద్దు తగాదాలోని పొలంగా చూడటం.

కావలసినది పెద్ద విప్లవం కాదు. కన్నవారి హక్కు తెంచకుండానే, వారి సమ్మతితో, బడిలోను ఆసుపత్రిలోను సంతకం చేసే అధికారం పెంచేవారికి చట్టమే ఇవ్వాలి. కన్నవారు తిరిగివచ్చినప్పుడు బిడ్డ మాట విని, మెల్లమెల్లగా ఇల్లు మార్చాలి. మార్చిన తరువాత అవ్వ ఇంటి తలుపు మూయరాదు. “అమ్మ ఇష్టమా, అవ్వ ఇష్టమా?” అని పసివాణ్ణి అడిగి వినోదించే ఇరుగుపొరుగు కూడ ఆ ప్రశ్న మానాలి. ఇద్దరినీ ప్రేమించే బిడ్డ ఎవరికీ ద్రోహం చేయటం లేదు.