పేదవాడి సంచికే ధర ఎక్కువ

గత శుక్రవారం జుమా నమాజు ముగించుకుని వస్తుండగా మా వీధి కిరాణా దుకాణం ముందు ఒక సోదరి కనిపించింది. భర్త లేడు. కుట్టుపని చేసి ముగ్గురు పిల్లల్ని సాకుతున్నది. పావు కిలో కందిపప్పు, చిన్న నూనె ప్యాకెట్టు, పది రూపాయల చింతపండు తీసుకుంటున్నది. “నెల సరుకు ఒక్కసారే తెచ్చుకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి కదమ్మా” అన్నాము. “మౌల్వీ సాబ్, నాకు డబ్బులు నెలకోసారి రావు. ఏ రోజువి ఆ రోజే” అన్నది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మాకు ఆమె ఆ పూట ఒక లెక్క నేర్పింది.

ధరల మాట రాని ఇల్లు నేడు లేదు. అయితే కారణాలన్నీ మన వీధిలో లేవు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే ఇక్కడ మన మూకుడులో నూనె తగ్గింది. 2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటి మనల్ని ఏడిపించింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర పడిపోయి పండించిన రైతును ఏడిపించింది. పెరిగితే మనకు దెబ్బ, తగ్గితే రైతుకు దెబ్బ.

ఇటువంటి దెబ్బ నుంచి ఇద్దరినీ కాపాడాలనే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు ప్రారంభమయ్యాయి. దళారీ లేకుండా రైతే స్వయంగా అమ్ముతాడు. ఆ రోజు ధర బోర్డు మీద రాసి ఉంటుంది. సికింద్రాబాదు వారికి అల్వాల్ రైతు బజారు ఉన్నది. ఒకప్పుడు బస్సు చార్జీలకే మిగులు సరిపోయేది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు సిటీ బస్సు ప్రయాణం ఉచితమైనందున ఆ సాకు కూడా లేదు. మోండా మార్కెట్టులో పొద్దుటి ధర వేరు, దుకాణం కట్టేసే వేళ ధర వేరని మన తల్లులకు తెలుసు. ఇక రేషన్ కార్డుపై మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం 2025 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తున్నారు. దొడ్డుబియ్యం రోజుల్లో తెచ్చి అమ్ముకునే అలవాటు కొందరికి ఉండేది. ఇప్పుడైనా దాన్ని వండుకుని తినాలి. వరుసలో నిలబడటం నామోషీ కాదు. అప్పు చేసి దావతులు పెట్టడమే నామోషీ.

వంటింట్లో కూడా కొంత దారి ఉన్నది. ఖట్టీ దాల్‌కు పులుపు ముఖ్యం గాని టమాటాయే కావాలని ఎవరన్నారు? చింతపండు ఉన్నది, చింతచిగురు కాలంలో చిగురు ఉన్నది, అంబాడా ఆకు ఉన్నది. ఒక పెద్ద దుకాణంలో ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న అట్ట చూసి మేమే మోసపోయాము. ఉచితం మాట అటుంచి, మొదటిది కూడా మాకు అక్కరలేని వస్తువే!

కానీ ఈ సలహాలన్నీ విని ఆ సోదరి ఏమంటుంది? బోయినపల్లి టోకు మార్కెట్టులో చవక. అయితే అక్కడ బస్తాలు, పెట్టెల లెక్క. బేగంబజారులో, మలక్‌పేట గంజిలో చవక. అయితే చేతిలో రొక్కం ఉండాలి. అది లేనివాడు పావు కిలో కొంటాడు, అప్పు మీద కొంటాడు. కాబట్టి అదే పప్పుకు ఉన్నవాడి కంటే లేనివాడే ఎక్కువ ధర చెల్లిస్తున్నాడు. ఇందులో కిరాణా వర్తకుణ్ణి నిందించలేము. 2020 లాక్‌డౌన్‌లో ఖాతా పుస్తకం తెరిచి ఎందరి పొయ్యి వెలిగించాడో మనకు తెలుసు. అతనికీ అద్దె ఉన్నది, రాని బాకీలు ఉన్నాయి.

మరి ఏం చేయాలి? మా మనవి చిన్నది. ఒక గల్లీలో ఏడెనిమిది ఇళ్లు కలవాలి. పప్పు, నూనె, ఉల్లి, మిర్చి నెలకోసారి కలిసి టోకున తెచ్చుకుని పంచుకోవాలి. కిలోకు పది రూపాయలు మిగిలినా, నెలకు ఇరవై కిలోల సరుకు వాడే ఇంటికి రెండు వందలు మిగులుతాయి. రొక్కం లేని ఇంటి వాటాను ఆ గల్లీలో ఉన్నవాళ్లు ముందు పెట్టుకోవాలి. ఆమె రోజుకు ఇరవయ్యో ముప్పయ్యో తీరుస్తుంది. మస్జిద్ కమిటీలు బైతుల్‌మాల్ నుంచి ఇందుకు వడ్డీలేని ఖర్జె హసనా ఇస్తే ఇంకా మేలు. ఇది ఖైరాత్ కాదు, తిరిగి వచ్చే సొమ్ము. ఆమె తల దించుకోనక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. కలిసి కొనడం వేరు, కంగారుపడి దాచుకోవడం వేరు. 2023 జూలైలో మన దేశం బియ్యం ఎగుమతి ఆపిందనగానే అమెరికాలోని మన తెలుగువాళ్లు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల మీద పడ్డారు. ముందు వచ్చినవాడు నాలుగు బస్తాలు ఎత్తుకుపోతే వెనుక వచ్చినవాడికి ఖాళీ అరలు మిగిలాయి. ధర పెరగాలని ధాన్యం దాచేవాణ్ణి దైవప్రవక్త (స) పాపిగా హెచ్చరించారు. తూకంలో తగ్గించేవారి గురించి ఖుర్‌ఆన్‌లో ఒక సూరాయే ఉన్నది. ఈ మాటలు వర్తకులకే అనుకుని మనం తప్పించుకోరాదు. భయంతో అవసరానికి మించి నింపుకునే ఇల్లు కూడా చిన్న గిడ్డంగే.

ధరలు తగ్గించడం ప్రభుత్వాల పని. అడగవలసిందే, అడుగుదాం. అంతవరకు పక్కింటి పొయ్యి సంగతి చూడటం మన పని. వచ్చే నెల సరుకుల చీటీ రాసేటప్పుడు, గోడ అవతలి ఇంటికి ఏం కావాలో కూడా ఒకసారి అడిగి రాయండి.