సంపాదకుని మాట: ట్యాంకులో దిగే ముందు

లారీ డ్రైవరుకు ప్రమాదం అనగానే మనకు హైవేనే గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ ఆవరణలో, బండి ఆగి ఉన్నప్పుడు పొంచి ఉండే ముప్పు గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ సంచిక దాని గురించే.

అన్‌లోడింగ్ అయ్యాక ట్యాంకరు అడుగున మడ్డి మిగులుతుంది. తర్వాతి లోడు ఎక్కాలంటే కడగాలి. డ్రైవరో క్లీనరో మూత తీసి లోపలికి దిగుతాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. మొలాసిస్ పులిసినా, మడ్డి కుళ్లినా, నైట్రోజన్ పట్టించినా ఆక్సిజన్ పడిపోతుంది. నైట్రోజన్‌కు వాసనే లేదు. మడ్డి కుళ్లితే పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది గానీ, మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది.

2023 ఫిబ్రవరిలో కాకినాడ జిల్లా జి.రాగంపేటలోని ఒక నూనె ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఏడుగురు ఊపిరాడక చనిపోయారు. ఇలాంటి చోట్ల పడిపోయినవాణ్ణి కాపాడబోయి వెనక దిగినవాళ్లూ పోతుంటారు.

గాలి పరీక్షించాలి, లేదా శ్వాస పరికరం తొడుక్కుని, బెల్టుకు తాడు కట్టుకుని దిగాలి, ఆ తాడు పట్టుకుని బయట ఒక మనిషి ఉండాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే ఈ మాట చెప్పింది. కానీ డ్రైవరు తాను సరుకు దించే ఫ్యాక్టరీ మనిషి కాడు. అందుకే గేటు దగ్గర అతనికి హెల్మెట్ చేతికిస్తే బాధ్యత తీరిందనుకునేవాళ్లున్నారు.

డ్రైవరన్నలూ, ట్యాంకులో దిగడానికి రాతపూర్వక అనుమతి (పర్మిట్) లేకుండా దిగమంటే దిగనని చెప్పండి. లోపల ఎవరైనా పడిపోతే వెంట దూకకండి, కేకేసి సాయం పిలవండి. యజమానులారా, కడిగే పని డ్రైవరు నెత్తిన రుద్దకండి.