కావలివాడి ప్రశ్నలు

కావలివాడు నమ్మకస్తుడే. కాని ఇంటి యజమాని పెరట్లోకి వెళ్ళినా, వీధిలోంచి వచ్చినా "తమరెవరు?" అని అడుగుతూంటే ఎన్నాళ్ళని జవాబు చెబుతాడు? మూడోనాటికి తల ఎత్తకుండానే "ఊఁ" అంటాడు. నాలుగోనాడు దొంగ వచ్చినా అదే "ఊఁ".

కంప్యూటరుతో మన కాపురమూ ఇంతే. 2007లో జనం చేతికొచ్చిన విండోస్ విస్టా, గడియారం సరిచెయ్యబోయినా తెర మసకబరిచి అనుమతి అడిగేది. జనాన్ని విసిగించడానికే దాన్ని పెట్టామని 2008లో మైక్రోసాఫ్టు అధికారి ఒకరు సభలోనే చెప్పేరు. ఆ విసుగు చూసి, ప్రోగ్రాములు రాసేవారు అక్కర్లేని అధికారాలు అడగడం మానాలని వారి ఉద్దేశం. అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే! 2009లో విండోస్ 7 వచ్చేక ప్రశ్నలు తగ్గేయి.

అలాగని కావలే వద్దనలేం. 2017 మే నెలలో వానాక్రై అనే తెగులు దేశాలన్నీ చుట్టి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ సోకింది. దాని విరుగుడు ఆ మార్చిలోనే విడుదలయింది. కాని పని మధ్య అడ్డొచ్చే అప్‌డేటును "తరవాత" అని తోసెయ్యడం లోకమంతటా అలవాటే.

మా నర్సీపట్నంలో పింఛను లెక్క చూసుకునే పెద్దాయన ఇంజనీరు కానక్కర్లేదు. తక్కువసార్లు, తెలిసే మాటల్లో అడగడం తయారుచేసేవారి బాధ్యత. అంతవరకూ మనకు ఒక్కటే సూత్రం: ఏ పనీ మనం మొదలుపెట్టకుండానే అనుమతి అడిగితే, "వద్దు" అనండి.