చెప్పి వెళ్ళండి



ఈ నెల పిల్లల చదువులను గూర్చి వ్రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాము. అయితే నెల రోజులుగా మా ఇంటి వసారాలో ఒక స్థలము ఖాళీగా ఉన్నది. కలము పట్టుకుంటే వేరొక సంగతి రావడము లేదు. చదువుల విషయము వచ్చే నెలకు ఉంచి ఈసారి ఒక కుక్కను గూర్చి వ్రాస్తున్నాము. పెద్దలు క్షమించాలి.

వాడు మా ఇంటికి వచ్చిన విధము ముందు చెప్పాలి. 2011లో కోతకాల పండుగకు కొండమీది కుటుంబములవారు తమ కానుకలు దించుకొని వచ్చారు. చోళ్ళు, సామలు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, రెండు కోళ్ళు. వారిలో ఒక ముసలమ్మ చిన్న గంప తెచ్చి బల్ల ముందు పెట్టింది. పైన కప్పిన అడ్డాకులు తీసి చూస్తే గోధుమ రంగు కుక్కపిల్ల. "నా కాడ ఈయేడు పండింది ఇదే బాబూ" అన్నది ఆమె. నవ్వనివారు లేరు, ఆమెతో సహా.

ఆరాధన ముగిసిన తరువాత ఎప్పటివలె వేలము పాట జరిగింది. గుమ్మడికాయలకు పోటీ పడ్డారు. కోళ్ళకు ఇంకా ఎక్కువ పోటీ. కుక్కపిల్లకు మాత్రము ఎవరూ పాడలేదు. "బైబిలులో కుక్కను గూర్చి ఒక్క మంచి మాట లేదు అయ్యగారూ" అని సంఘపెద్ద ఒకరు మా చెవిలో అన్నారు. చివరకు అప్పటికి ఆరేళ్ళున్న మా అమ్మాయి తన ఐదు రూపాయల బిళ్ళ ఎత్తి చూపించింది. పాట అక్కడితో కొట్టేశారు.

పెద్దాయన మాటలో నిజము లేకపోలేదు. లేఖనములలో కుక్క చాలావరకు వీధిలో తిరిగేది, వెలుపల ఉండేది. అయితే ధనవంతుని వాకిట పడియున్న లాజరు పుండ్ల దగ్గరకు వచ్చినవి కుక్కలే గదా. ఇంటిలోనివారు ఎవరూ వచ్చినట్లు వ్రాయబడలేదు. ఆ మాట ఆయనతో అంటే నవ్వి ఊరుకున్నారు.

పేరు మేమే పెట్టాము. డిప్లొమా చదివే రోజులలో మాకు హెబ్రీ నేర్పిన అధ్యాపకులు, కుక్క అనే మాటకూ కాలేబు అనే పేరుకూ ఆ భాషలో హల్లులు ఒక్కటే అని చెప్పి తరగతిని నవ్వించారు. హెబ్రీలో మాకు మిగిలినది కొద్దిపాటి. అందులో అది ఒకటి. అలా వాడు కాలేబు అయినాడు. మా ఇంటిలో ఎవరూ వాడిని 'అది' అనలేదు. ఇక్కడ కూడా అలాగే వ్రాస్తున్నాము.

మా ఊరు శృంగవరపుకోటకు ఆవల, కొండ మొదట్లో ఉంటుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద బస్సుల దీపాలు రాత్రిపూట మా వాకిట్లోకి కనబడతాయి గాని, మేము వెళ్ళే ఊళ్ళకు ఆ రోడ్డు పోదు. జీడిమామిడి తోటలు దాటి, గెడ్డ దాటి, 9 కిలోమీటర్లు కాలిబాటే. నెలకు రెండుసార్లు శనివారము తెల్లవారి బయలుదేరి, రాత్రి అక్కడ ఉండి, ఆదివారము ఆరాధన అయిన తరువాత దిగి వస్తాము. ఆ వారము క్రింది సంఘములో పెద్దలు ఆరాధన నడిపిస్తారు. కాలేబుకు ఏడాది నిండినప్పటి నుండి ఈ ప్రయాణములలో మా తోడు వాడే. మేము గోడకు ఆనించిన చేతికర్ర తీస్తే చాలు, ఎక్కడ ఉన్నా ఆ చప్పుడు విని గేటు దగ్గర నిలబడేవాడు.

వాడు మా ప్రాణము కాపాడినాడని చెప్పదగిన కథ ఏదీ లేదు. ఒకసారి అడవిపందిని తరిమి, అది వెనుదిరిగేసరికి మాకన్న ముందు ఇంటికి చేరుకున్నాడు. దారిలో పాము కనబడితే మాత్రము ఆగి, చెవులు నిక్కించి, మేము వచ్చేవరకు కదిలేవాడు కాదు. అంతే. కాని ఒంటరిగా 9 కిలోమీటర్లు నడిచేవానికి తోడు అంటే ఏమిటో నడిచినవారికే తెలుసు. మేము దారిలో ప్రసంగము బిగ్గరగా అప్పజెప్పుకునే అలవాటు గలవారము. కొండమీదివారి కంటె ముందు ప్రతి ప్రసంగమూ విన్నది వాడే. ముగింపు మరీ సాగదీస్తే మమ్మును వదిలి ముందుకు పోయి, రెండవ మలుపులో ఉన్న పెద్ద బండ మీద కూర్చునేవాడు. నిజము చెప్పాలంటే కొన్ని ముగింపులు వాడి వలననే పొట్టివి అయినాయి.

ఆ బండ మీద నుండి చలికాలములో చూస్తే ఎదుటి వాలు అంతా వలిసె పూలతో పచ్చగా ఉంటుంది. ఇంట్లో కట్టి ఇచ్చిన రొట్టె అక్కడే విప్పేవాళ్ళము. సగము వాడికి.

పదవ ఏట మూతి తెల్లబడింది. తరువాతి ఏడు మలుపు దగ్గర కూర్చుంటే త్వరగా లేచేవాడు కాదు. వెనుక కాళ్ళు బిగుసుకొని, నాలుగడుగులు వేసిన తరువాత గాని సర్దుకునేవి కావు. మేము చూడలేదా? చూశాము. కాని కర్ర తీస్తే వాడు గేటు దగ్గర నిలబడుతున్నాడు గదా, వానికి ఇష్టమే గదా అని మాకు మేము చెప్పుకున్నాము. మాకు ఒంటరిగా నడవడము ఇష్టము లేదు అన్నదే అసలు మాట.

పోయిన ఏడు వానకాలములో దిగి వచ్చేటప్పుడు, గెడ్డకు పైన, వాడు కూలబడిపోయినాడు. ఎంత పిలిచినా లేవలేదు. ఇరవై కిలోల శరీరము; భుజాన వేసుకొని ఆ జారుడు దారిలో మేము దిగలేకపోయినాము. వెనుక వస్తున్న ఇద్దరు యువకులు మా దుప్పటిని వెదురు బొంగుకు కట్టి డోలీ చేశారు. ఆ ఇద్దరిలో ఒకడు అంతకు ముందు సంవత్సరము అదే దారిలో, అటువంటి డోలీలోనే, నొప్పులు పడుతున్న తన భార్యను మోసుకొని వచ్చినవాడు. ఆ బిడ్డ గెడ్డ ఒడ్డునే పుట్టింది. పేరు పెట్టింది మేమే. అటువంటివాని భుజము మీద మా కుక్కను ఎక్కించాము. "మనిషికన్న తేలికే అయ్యగారూ" అన్నాడు నవ్వుతూ. మేము తల ఎత్తలేకపోయినాము. ఈ దినము వరకు ఆ మాట తలంచినప్పుడెల్లా అలాగే ఉంటుంది.

ఆ రాత్రి వాడు మూలుగుతుంటే చూడలేక, మా నొప్పి మాత్ర సగము విరిచి అన్నములో పెట్టాము. మరునాడు పశువుల డాక్టరుగారు ఆ సంగతి విని మమ్మును గట్టిగా కోప్పడ్డారు. ఐబుప్రొఫెన్ వంటి మనుషుల మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండములను పాడుచేస్తాయి అన్నారు. చదివేవారి ఇళ్ళలో కుక్కలు ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. మేము తెలియక చేసినది మీరు చేయవద్దు. కీళ్ళు అరిగిపోయినవని చెప్పి, కుక్కలకు తగిన మందు తూకము చూసి ఇచ్చారు. కుక్క వయస్సును ఏడుతో హెచ్చించే లెక్క సరికాదట. మొదటి ఏడాదిలోనే అది యౌవనానికి వచ్చేస్తుందట. పెద్ద జాతులు త్వరగా, చిన్నవి నెమ్మదిగా ముసలివి అవుతాయట. "ఏ లెక్కన చూసినా ఇతడు పెద్దవాడు. కొండలు చాలు" అన్నారు.

చాలు అనడము సులభమే. యెహోషువ గ్రంథములోని కాలేబు 85 ఏళ్ళ వయస్సులో తనకు కొండసీమే కావాలని అడిగి పుచ్చుకున్నాడు. మా కాలేబుకు అడగడము ఒక్కటే మిగిలింది.

ఆల్ప్స్ కొండలలోని సెయింట్ బెర్నార్డ్ కనుమ దగ్గర సన్యాసులు పెంచిన బారీ అనే కుక్కను గూర్చి ఎప్పుడో చదివాము. మంచులో చిక్కుకున్నవారిని నలభైమందికి పైగా కాపాడినదని చెబుతారు. చివరకు తాను కాపాడబోయిన మనిషి చేతిలోనే చచ్చిపోయిందని ఒక కథ ప్రచారములో ఉన్నది గాని అది నిజము కాదు. ముసలిదైపోయినందున 1812లో దానిని కొండ దించి బెర్న్ నగరములో ఉంచారు. అక్కడ రెండేళ్ళు బ్రతికి 1814లో పోయింది. దాని దేహము ఇప్పటికీ అక్కడి మ్యూజియములో నిలబెట్టి ఉన్నది. ఆ రెండేళ్ళు అది ఏమి చేసిందో మేము చదివినదానిలో లేదు. మంచు కురిసిన రోజున లేచి తలుపు వైపు చూసేదా? మాకు ఇప్పుడు అది తెలుసుకోవాలని ఉన్నది.

మా ఇంటిలో జరిగినది చెబుతాము. మొదటి శనివారము వాడిని కట్టి వెళ్ళాము. మొదటి మలుపు వరకు అరుపులు వినబడ్డాయి. రెండవసారి ఆ బాధ లేకుండా ఉపాయము పన్నాము. కర్రను శుక్రవారము రాత్రే పెరట్లో దాచి, తెల్లవారకముందే వెనుక దారిన, దొంగవలె వెళ్ళిపోయినాము. అలా మూడు నాలుగుసార్లు జరిగింది. అరుపులు లేవు, బాగానే ఉన్నదనుకున్నాము.

ఒక ఆదివారము రాత్రి భోజనము దగ్గర మా ఇంటివారు అన్నారు: "మీరు చెప్పకుండా పోతే వాడు రెండు రోజులూ గేటు వైపే చూస్తున్నాడండీ. మంచినీళ్ళు కూడా ముట్టడు. చెప్పి వెళ్ళండి." కుక్కకు చెప్పడమేమిటి అని మేము నవ్వబోయినాము. ఆమె కూర వడ్డిస్తూ, కోపము లేకుండానే, "మామయ్యగారికి కూడా మీరు ఇలాగే చేసేవారు" అన్నది.

మా నాన్నగారు చివరి రెండేళ్ళు మంచము మీదే గడిపారు. ఎక్కడికి రా, ఎప్పుడు వస్తావు, ఎవరెవరు వస్తున్నారు అని పదిసార్లు అడుగుతారని, సమాధానము చెప్పే ఓపిక లేక, పెరటి దారిన వెళ్ళిపోయేవాళ్ళము. అప్పటికి మేము సేవలో ఎనిమిదేళ్ళ అనుభవము గలవారము. వృద్ధులను సందర్శించడము గూర్చి ప్రసంగాలు చేసినవారము. ఆ రాత్రి అన్నము సరిగా దిగలేదు.

తరువాతి శనివారము వీధి గుమ్మములో కూర్చొని, వాడి తల పట్టుకొని, "కాలేబూ, మేము కొండకు పోతున్నాము. నీవు రాలేవు. రేపు సాయంత్రానికి వస్తాము" అన్నాము. పాలు పోయడానికి వచ్చినవాడు వింతగా చూశాడు. కాలేబు మా ముఖము వైపు, కర్ర వైపు చూసి, పెద్దగా ఊపిరి వదిలి, తల ముందు కాళ్ళ మీద పెట్టుకున్నాడు. అరవలేదు. మాకు వాడి దగ్గర సెలవు దొరికినది ఆ దినమే అనుకుంటాము. తరువాత జరిగినది దానికి కొనసాగింపు మాత్రమే.

ఆదివారము సాయంత్రము తిరిగి వచ్చేసరికి గుమ్మములోనే ఉన్నాడు. కాళ్ళు కడుక్కోబోతే అడ్డము వచ్చి మా చెప్పులు, మడమలు, పంచె అంచు, కర్ర మొన, ఒక్కొక్కటే వాసన చూడడము మొదలుపెట్టాడు. చూపు మసకబడింది, చెవి మందగించింది గాని ముక్కు మాత్రము పనిచేస్తూనే ఉన్నది. గెడ్డ బురద, ఆవు పేడ, కొండమీది ఇళ్ళ పొగ, ఏ మేకో రాసుకొని పోయిన వాసన, అన్నీ తీరికగా చదువుకున్నాడు. పది నిమిషములు పట్టింది. అప్పటి నుండి మా ఇంటిలో అది ఒక నియమము అయిపోయింది. వాడు చూసేవరకు మేము కాళ్ళు కడుక్కునేవాళ్ళము కాదు. మా ఇంటివారు చెంబుతో నీళ్ళు పట్టుకొని ప్రక్కన నిలబడేవారు.

రాళ్ళ మీద తిరిగి అరిగిపోయే గోళ్ళు, తిరుగుడు మానేసరికి పొడవుగా పెరిగి గచ్చు మీద టకటకమనేవి. మా అమ్మాయి నేర్చుకొని కత్తిరించేది. సంవత్సరము పైగా అలా గడిచింది. 13వ ఏట మూత్రపిండములు చెడి, తిండి మానేశాడు. డాక్టరుగారు వచ్చి చూసి, ఇక బాధే తప్ప బాగుపడడము లేదని, కావాలంటే ఇంజెక్షనుతో నొప్పి లేకుండా నిద్రపుచ్చవచ్చునని చెప్పారు. ప్రాణము తీసే అధికారము మనకు ఉన్నదా అని కొందరు అడిగారు. మేము కూడా అడుగుకున్నాము. మూడు దినములు తేల్చుకోలేకపోయినాము. మా అమ్మాయి ఏడ్చింది గాని, "మన కోసము వాడిని ఉంచవద్దు నాన్నగారూ" అన్నది. వేరొకరి ఇంటిలో వేరొక నిర్ణయము జరిగితే మేము తప్పు పట్టము. ప్రక్కింటి తెలుగు మాస్టారు ఆ సాయంత్రము వచ్చి వాడి దగ్గర కూర్చొని, ధర్మరాజు వెంట చివరి దాకా నడిచినది కుక్క ఒక్కటే గదండీ అని, లేచి వెళ్ళిపోయినారు.

సోమవారము ఉదయము రమ్మని డాక్టరుగారికి కబురు చేశాము. అంతకుముందు శనివారము మేము కొండకు వెళ్ళవలసి ఉన్నది. మానేద్దామంటే, వెళ్ళి రండి అన్నారు ఇంటివారు. చెప్పి వెళ్ళాము. ఆదివారము చీకటి పడేసరికి వచ్చాము. వాడు లేవలేదు. మేమే చెప్పులు విడిచి ముక్కు దగ్గర పెట్టాము. చాలాసేపు ఊరుకొని, తరువాత వాసన చూశాడు. తోక చివర రెండుసార్లు కదిలింది. సోమవారము డాక్టరుగారు ముందు నిద్రకు, తరువాత రెండవది ఇచ్చారు. తల మా ఒడిలో ఉన్నది. జీడిమామిడి తోట దాటిన తరువాత బాట మొదలయ్యే చోట, డోలీ మోసిన ఆ ఇద్దరే గొయ్యి తీశారు.

మొన్న శనివారము మళ్ళీ వెళ్ళాము. రెండవ మలుపు బండ మీద రొట్టె విప్పి, సగము పక్కన పెట్టి, కాసేపటికి గాని తెలియలేదు. కుక్క ఏదయ్యా అని పై ఊళ్ళలో అడిగినవారికి చెప్పాము. ఇంటికి వచ్చి గుమ్మములో అలవాటుగా నిలబడిపోయినాము. ఇంటివారు చెంబుతో నీళ్ళు పట్టుకొని కొంతసేపు ఆగారు. తరువాత, "కడుక్కోండి" అన్నారు.