భుజం మీద టీకా - చంకలో బిళ్ళ

పోయిన నెల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో బరంపురం నుంచి ఒక సోదరి వ్రాసినది మమ్మల్ని ఆలోచనలో పడవేసింది. తన గోడు చెప్పుకోవాలనే ఆరాటం కంటె, తన వంటి మరో ఆడపడుచుకు ఆ భయం కలుగగూడదనే కోరికే అందులో ఎక్కువగా కనుపించింది. ఆమె సమ్మతితో, పేరు వేయకుండా, ఆ సంగతి మన పాఠకులకు చెబుతున్నాము.

ఆమెకు కొన్నేళ్ళ క్రితం కుడి రొమ్ముకు కేన్సరు వచ్చింది. ఆపరేషను జరిగి నయమయింది. ఏటేటా పరీక్షలకు తప్పకుండా వెడుతూనే ఉన్నారు. 2021 వేసవిలో కరోనా టీకా రెండవ మోతాదుకు వెళ్ళి, చాలాసేపు వరుసలో నిలబడి, తన వంతు రాగానే దగ్గరగా ఉన్న కుడిచేయి చాపారు. ఏ చేయి అని అడిగినవారూ లేరు, చెప్పాలని ఆమెకూ తోచలేదు. పదిరోజులకు, ముందే నిర్ణయించిన పెట్ స్కాను తీశారు. కుడి చంకలో గ్రంథులు వెలుగుతున్నాయనీ, జబ్బు తిరగబెట్టిందేమో చూడవలసి ఉన్నదనీ రిపోర్టులో వ్రాశారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. ఆమె భర్త తెల్లవార్లూ వసారాలోనే కూర్చున్నారట.

మరునాడు ఆమెకు వైద్యం చేసిన డాక్టరుగారు రిపోర్టు చదివి, మొట్టమొదట అడిగిన మాట ఇది: "అమ్మా, టీకా ఎప్పుడు వేయించుకున్నారు? ఏ చేతికి?" ఆమె చెప్పగానే ఆయన స్కాను బొమ్మను మళ్ళీ పరీక్షగా చూశారు. టీకా వేసిన భుజపు కండ కూడా కొంచెం వెలుగుతూ ఉన్నది. వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపే తొందర పడక, కొన్ని వారాలు ఆగి అల్ట్రాసౌండు తీయించారు. గ్రంథులు తగ్గుముఖం పట్టాయి. మూడు నెలలకు మామూలు స్థితికి వచ్చాయి.

ఇది ఎట్లా జరుగుతుంది? కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టడం మనమందరమూ ఎరిగినదే. ఒంట్లోకి పరాయిది వచ్చినదని తెలియగానే, ఆ దాపునున్న లింఫు గ్రంథులు ఉబ్బి రోగనిరోధక కణాలను సిద్ధం చేస్తాయి. చేతికి సంబంధించిన గ్రంథులు చంకలో ఉంటాయి. టీకా చేసే పని కూడా శరీరాన్ని ఆ విధంగా మేలుకొలపడమే గనుక, ఏ చేతికి వేస్తే ఆ వైపు చంకలో బిళ్ళ కట్టవచ్చు. అది టీకా పనిచేస్తున్నదనడానికి గుర్తే గాని జబ్బు కాదు.

చిక్కంతా ఏమిటంటే, రొమ్ము కేన్సరు పాకేటప్పుడు సాధారణంగా మొదట చేరేదీ ఆ చంక గ్రంథులలోకే. మామోగ్రాములో ఉబ్బిన గ్రంథి కనబడుతుంది గాని, ఎందుకు ఉబ్బినదో బొమ్మ చెప్పదు. పెట్ స్కానుదీ అదే తీరు. దానికి ముందు నాలుగారు గంటలు ఏమీ తినకుండా ఉండమని, కొద్దిపాటి రేడియోధార్మికత గల ఒక రకం చక్కెరను నరంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా తినే కణాలు బొమ్మలో వెలుగుతాయి. కేన్సరు కణం అటువంటిదే. టీకాతో మేలుకొని పనిచేస్తున్న గ్రంథీ అటువంటిదే.

టీకా వల్ల పరీక్షలలో తికమక కలగడం కరోనాతో పుట్టినది కాదు. 1948లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో బి.సి.జి. టీకా తయారీ మొదలయింది. ఆ టీకా వేసుకున్నవారికి, క్షయ లేకపోయినా, చర్మం మీద చేసే మాంటూ పరీక్షలో దద్దు పొంగవచ్చు. మన దేశంలో బి.సి.జి. ఎడమ భుజానికి వేస్తారు. కొందరు పసిబిడ్డలకు ఎడమ చంకలో బిళ్ళ కట్టడం పాత తరం తల్లులెందరో చూసినదే. ఫ్లూ టీకా తరువాతా, గర్భాశయ ముఖద్వారపు కేన్సరు రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్.పి.వి. టీకా తరువాతా కూడా చంక గ్రంథులు స్కానులో వెలిగిన సందర్భాలున్నాయి. కరోనా కాలంలో కోట్ల మందికి ఒకేసారి టీకాలు వేయడంతో ఈ సంగతి నలుగురి కంటా పడింది. ఫైజరు, మోడెర్నా టీకాలతో ఎక్కువగాను, మన దేశంలో వేసిన కోవిషీల్డు వంటి వాటితో కొంత తక్కువగాను కనబడింది.

2021 ఆరంభంలో అమెరికాలోని రొమ్ము పరీక్షల నిపుణుల సంఘం, వీలయితే టీకాకు ముందుగానీ, రెండవ మోతాదు అయిన నాలుగు నుంచి ఆరు వారాలకుగానీ మామోగ్రాము తీయించుకోమన్నది. తరువాత 2022లో ఆ మాట మార్చుకుని, టీకా కారణంగా మామోగ్రామును వాయిదా వేయనక్కరలేదన్నది. ఎందుకని? ఆలస్యం వల్ల కలిగే నష్టం, అనవసరపు భయం వల్ల కలిగే నష్టం కంటె పెద్దది గనుక.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఈ వ్యాసం చదివి, "చంకలో బిళ్ళా? టీకా వల్లనేలే" అని ఎవరైనా ఊరకుంటే మేము అపకారం చేసినవారమవుతాము. టీకా వేయించుకోని వైపు బిళ్ళ కట్టినా, రొమ్ములోనే గడ్డ తగిలినా, వారాలు గడిచినా బిళ్ళ తగ్గకపోయినా, వెంటనే డాక్టరుకు చూపించవలసినదే. బరంపురం సోదరి విషయంలోనూ డాక్టరుగారు ఏమీ కాదని పంపివేయలేదు. గడువు పెట్టి మళ్ళీ చూశారు. ఆ మళ్ళీ చూడడంలోనే ఉన్నది క్షేమం.

మనం చేయవలసినది స్వల్పం. ఏ టీకా, ఏ తేదీన, ఏ చేతికి అన్నది ఒక కాగితం మీద వ్రాసి పరీక్షల కట్టలో ఉంచుకోవాలి. స్కాను తీసేవారు అడగకపోయినా మనమే చెప్పాలి. రొమ్ముకు చికిత్స జరిగినవారు, టీకా రెండవ వైపు చేతికి వేయమని అడగాలి. అత్యవసరం కాని స్కానయితే తేదీని గురించి డాక్టరుతో ఆలోచించుకోవాలి గాని, మనంతట మనమే స్కానునుగానీ టీకానుగానీ మానుకోగూడదు.

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆసుపత్రిలో నోరు విప్పరు. "వారికి తెలియదా, మనం చెప్పేదేమిటి" అంటారు. బొమ్మ తీసే యంత్రానికి మన ఒంట్లోని వెలుగు కనబడుతుంది గాని, పదిరోజుల క్రితం మనం ఏ చేయి చాపామో కనబడదు. అది చెప్పవలసినవారము మనమే. వెంట వెళ్ళే కొడుకులూ, కోడళ్ళూ ఈ మాట గుర్తుంచుకోవాలని మా మనవి.

ఆ సోదరి ఇప్పుడు కులాసాగా ఉన్నారు. ప్రతి ఏడూ ఫ్లూ టీకా ఎడమ చేతికే వేయించుకుంటున్నారట. తేదీ వేసే పని మాత్రం ఆమె భర్త తనకే వదిలిపెట్టమన్నారట.