విజయనగరమున కళకు ఊరి వంతు

విజయదశమి గడచిన పిమ్మట వచ్చు తొలి మంగళవారమునాడు విజయనగరమున జరుగు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమును గూర్చి వ్రాయువారు సాధారణముగా నాటి జనసమ్మర్దమును, యాబది అరువది అడుగుల నిడివి గల మాను కొనయందు ఆసీనుడై చదురుగుడి నుండి కోటవరకు ముమ్మారు సాగివచ్చు పూజారిని వర్ణించి విరమింతురు. ఆ దృశ్యము మహాద్భుతమే. కాని ఆ మాను కదలుటకు ఎన్నో దినముల ముందునుండి ఊరును, పరిసర గ్రామములును తమలో తాము పంచుకొను పని నాకు అంతకన్న విలువైనదిగా తోచును.

ఏ చింతచెట్టు సిరిమాను కావలెనో అమ్మవారే పూజారికి స్వప్నమున తెలుపునని విశ్వాసము. ఆ చెట్టు ఎవరి నేలయందున్నదో ఆ రైతు దానిని భాగ్యముగా నెంచి సమర్పించును. ఇరుసుమానుతో గూడ దానిని హుకుంపేటకు చేర్చి వడ్రంగులు చెక్కుదురు. ముందునాటి తొలేళ్ళ వేళ రైతులు అమ్మవారి ప్రసాదముగా విత్తనములు గైకొని తమ పొలములకు మరలుదురు. ఉత్సవమునాడు బెస్తవారి వల, పాలధార, అంజలిరథము, తెల్లయేనుగు సిరిమానుకు తోడై నడచును. వీరందరును కూలికి వచ్చినవారివలె గాక వంతుకు వచ్చినవారివలె మెలగుదురు. బొబ్బిలి యుద్ధము జరిగిన 1757 నాటి స్మృతులతో ముడివడిన ఈ జాతర, సంస్థానము అంతరించి, జమీందారీలు రద్దయి, 1979లో విజయనగరము జిల్లా కేంద్రమైన తరువాతకూడ చెక్కుచెదరక నిలుచుటకు కారణము, దాని భారము ఏ ఒక్క పోషకుని భుజముపైనను లేకుండుటయే యని నా అభిప్రాయము.

ఇదే ఊరియందు సంగీత కళాశాల ప్రభువు ఔదార్యమున పుట్టి, ఊరి యన్నమున పెరిగినది. 1919లో పూసపాటి విజయరామ గజపతి స్థాపించిన ఆ విద్యాలయమునకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుడు. శిష్యుడుగా చేరవచ్చిన ద్వారం వేంకటస్వామినాయుని వాయులీనమును విని, ఆయనను విద్యార్థుల పంక్తిని గాక ఆచార్యపీఠముననే కూర్చుండబెట్టిన వివేకము ఆనాటి పెద్దలది. 1936లో నాయుడుగారే అధ్యక్షులైరి. పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని గాత్రమభ్యసించిన దినములలో ఘంటసాల మధుకరమెత్తి, వారములు చేసికొని జీవించిన వృత్తాంతము తెలుగువారెల్లరు ఎరిగినదే. ఆ బాలుని జోలెలో పిడికెడన్నము వేసిన ప్రతి గృహమును, తాను ఒక్క రాగము పేరైనను ఎరుగకున్నను, సంగీతమునకు పోషకత్వము వహించినట్లే. కళాశాల చరిత్రను వ్రాయువారు అధ్యక్షుల నామావళితోబాటు ఈ వంటిండ్ల ఋణమునుకూడ పేర్కొనవలసియున్నది.

అయితే ఆ కాలమునంతను స్వర్ణయుగమని కీర్తించుటకు నేను సిద్ధముగా లేను. వారపు భోజనము అందరి బిడ్డలకును దొరకినది కాదు. వాకిటివరకు వచ్చుటకైన అర్హత కులమునుబట్టి నిర్ణయింపబడెడిది. సంగీతనాట్యములను తరతరములుగా కాపాడిన కళావంతుల కుటుంబముల స్త్రీలకు సంఘము చప్పట్లనిచ్చినదేగాని గౌరవమునీయలేదు. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు ఈ ఊరనే తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్క నాటకమున గురజాడ వేశ్యాపాత్రయైన మధురవాణికి ప్రసాదించిన బుద్ధిసంపదను, ఆత్మగౌరవమును తలచుకొన్నచో ఆ లోపము ఎంత గాఢమైనదో బోధపడును. కావున మనము పునరుద్ధరింపవలసినది వంతు అను నియమమునేగాని, జన్మమునుబట్టి వంతును నిర్ణయించిన పద్ధతిని గాదు.

నేడు మన నగరములలో కళాపోషణ యనగా వేదికను కట్టి, దీపములమర్చి, దూరమునుండి ప్రసిద్ధ గాయకులను రప్పించి, ఊరివారిని కుర్చీలలో కూర్చుండజేయుటగా మారినది. ప్రభుత్వము ధనమును వెచ్చించుట తప్పుకాదు. వెచ్చింపనిచో ఇంకను నష్టము. సినిమాపాట వలన శాస్త్రీయసంగీతము చెడినదను ఫిర్యాదునుకూడ నేను అంగీకరింపను. ఘంటసాలయు, ఈ ఊరి ఆడపడుచైన పి. సుశీలయు ఈ కళాశాల విద్యార్థులే. వారి గళముల ద్వారముననే ఇచ్చటి శిక్షణ ప్రతి తెలుగింటికి చేరినది. నా బాధ వేరు. ఆ వేదికపై కార్యక్రమము ముగిసినంతనే కుర్చీలతోబాటు ఊరికిని, కళకును గల సంబంధముకూడ మరలిపోవుచున్నది. నాలుగు దినముల వేడుకలో గంటసేపు తప్పెటగుళ్ళవారికిని, అరగంట జముకుల కథకును కేటాయించినంతమాత్రమున ఆ కళాకారులు ఊరివారగుట లేదు. శాలువతో వచ్చిన అతిథులుగనే తిరిగిపోవుదురు.

చేయదగిన పనులు పెద్దవి కావు, గొప్ప వ్యయముతో కూడినవియు కావు. సంగీత కళాశాల విద్యార్థుల సాయంకాలపు కచేరీని వంతులవారీగా ఒక్కొక్క పేటవారు తమ వీధిలోనో, పాఠశాల ఆవరణములోనో ఏర్పాటు చేయవచ్చును; కచేరీకి ముందు ఆ పేట పిల్లలకు మృదంగమును, వీణను చేతితో తాకి చూచు అవకాశమీయవలెను. తప్పెటగుళ్ళ గురువును ఒక్క ప్రదర్శనకుగాక పాఠశాలలో ఒక ఋతువంతయు బోధించుటకు నియమించి జీతమీయవలెను. గురజాడ నివసించిన ఇల్లు స్మారకముగా నిలిచియున్న ఈ ఊరిలో, కన్యాశుల్కమును ఏటేట ఊరివారే, గుమాస్తాలును, ఉపాధ్యాయినులును, దుకాణదారులును పాత్రలు ధరించి ఆడవలెను. నటన కొంత తడబడినను నష్టము లేదు, ఏలయన ఆ భాషయు, ఆ నుడికారమును వారి నోటివే.

అన్నిటికన్న ముందు చూడవలసినది దూరగ్రామములనుండి సంగీతము నేర్వవచ్చు పేదవిద్యార్థి వసతి. అతనికి, ఆమెకు, కులభేదము లేకుండ, ఒక గదియు, రెండుపూటల భోజనమును ఊరు తన ఖర్చుమీద ఏర్పరుపవలెను. ఇది ప్రభుత్వపు ఉత్తర్వుకొరకు వేచియుండవలసినది కాదు. వర్తకసంఘములును, కల్యాణమండపముల యజమానులును, పదవీవిరమణ చేసిన ఉద్యోగుల సంఘములును తలకొక మాసము భారము వహించినచో ఒక సంవత్సరము గడచును, ఆ మాసమున భోజనము పెట్టినవారి పేటలోనే ఆ విద్యార్థుల కచేరీయు జరుగును.